వండర్‌లాలో క్యూల బెడద తగ్గించుకోవడం ఎలా? కుటుంబంతో వెళ్ళేవారికి సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్ శివార్లలోని రావిర్యాలలో వండర్‌లా వినోద పార్కు 2016లో మొదలైంది. అప్పటినుంచి వేసవి సెలవులు వచ్చాయంటే చాలు, పిల్లల నోట ఆ పేరే. పెద్దవాళ్ళను అడిగి చూడండి, వాళ్ళకు ముందుగా గుర్తొచ్చేవి క్యూలు. రోజంతా తిరిగి ఐదారు పెద్ద రైడ్లు కూడా ఎక్కకుండా ఇంటికొచ్చిన కుటుంబాలున్నాయి. అదే రోజు, అదే రద్దీలో, అదే టికెట్టుతో వాటికి రెట్టింపు ఎక్కి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఈ రెండో రకంవాళ్ళు పరుగులు పెట్టరు. అందరూ వెళ్ళే వేళకు అందరూ వెళ్ళే చోటికి వెళ్ళరు, అంతే. ఆ పద్ధతిని రోజు ఎంచుకోవడం దగ్గర్నుంచి కారు బయటికి తీసేదాకా వరసగా చెబుతాను.

మొదటి మెట్టు: రోజు ఎంచుకోవడం

క్యూ విషయంలో సగం గెలుపోటములు క్యాలెండరు ముందే తేలిపోతాయి. ఆదివారం రద్దీగా ఉంటుందని ఎవరూ చెప్పనక్కర్లేదు. శనివారాల్లో మాత్రం తేడా ఉంది. రెండో శనివారం బడులకూ ప్రభుత్వ ఆఫీసులకూ సెలవు కాబట్టి అది రెండో ఆదివారం కిందే లెక్క. పండుగ శుక్రవారమో సోమవారమో వచ్చి మూడు రోజులు కలిసొస్తే ఆ మూడు రోజులూ వదిలేయండి. దసరా, సంక్రాంతి సెలవులు కూడా అంతే. ఏప్రిల్, మే నెలల్లో మామూలు రోజులు కూడా ఆదివారాల్లాగే ఉంటాయి. పరీక్షలు రాసిన విద్యార్థులకు హాల్‌టికెట్ చూపిస్తే రాయితీ ఇచ్చే కాలం కూడా అదే, కుర్రకారు గుంపులుగా దిగుతారు.

చాలామంది లెక్కలోకి తీసుకోనిది విహారయాత్రల కాలం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంగళవారమో బుధవారమో ఖాళీగా ఉంటుందని వెళితే, పార్కింగ్‌లో పసుపు రంగు బస్సులు బారులు తీరి కనిపిస్తాయి. ఒకే రంగు టీషర్టులు వేసుకున్న పిల్లలు ఒక్కో బడి నుంచి రెండు వందల మంది దిగుతారు. ఊరటనిచ్చే విషయం ఒకటుంది. ఆ పిల్లలు మాస్టర్ల వెంట గుంపుగా కదులుతారు, గుంపుగానే తింటారు, చీకటి పడకముందే బస్సెక్కుతారు. కాబట్టి చలికాలంలో వారం మధ్యన వెళ్ళేవారు ఆ టీషర్టుల గుంపు ఎటు పోతోందో చూసి దానికి ఎదురుదిక్కు పట్టడం మేలు.

అన్నిటికంటే నెమ్మదైన కాలమేదంటే, జూన్ రెండో వారంలో బడులు తెరిచాక వచ్చే నాలుగైదు వారాలు. మంగళ, బుధ, గురువారాలైతే మరీ మంచిది. బడి మొదలైన కొత్తలో పిల్లల చేత సెలవు పెట్టించడానికి కొందరికి మనసొప్పదు. పుస్తకాలకు అట్టలు వేసుకునే ఆ మొదటి వారాల్లో ఒక్కరోజు పోతే పిల్లవాడి చదువేమీ చట్టుబండలైపోదని నా ఉద్దేశం. వాన మాటేమిటంటారా? ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు ఆరుబయటి రైడ్లు ఆపేస్తారు. మబ్బు పట్టి జల్లు పడినంత మాత్రాన వచ్చే నష్టం తక్కువ, ఎలాగూ తడవడానికే వెళుతున్నాం. భారీ వర్షసూచన ఉంటే మాత్రం ప్రయాణం మార్చుకోండి.

రెండో మెట్టు: ముందురోజు రాత్రి ఇంట్లో చేయాల్సిన పనులు

పిల్లల ఎత్తు కొలవండి. ఇది సరదాకు చెబుతున్న మాట కాదు. వండర్‌లాలో పిల్లల టికెట్టును వయసును బట్టి కాక ఎత్తును బట్టి నిర్ణయిస్తారు. గుండె గుభేలుమనిపించే పెద్ద రైడ్లలో చాలావాటికి 140 సెంటీమీటర్ల ఎత్తుండాలి. ముప్పావుగంట నిలబడి ముందుకు చేరాక, కొలత కర్ర దగ్గర ఆపరేటరు తల అడ్డంగా ఊపితే ఆ పిల్లవాడి ఏడుపు చూడలేం. గోడకు ఆనించి, చెప్పులు లేకుండా కొలవండి. జడ కొప్పు లెక్కలోకి రాదు. 138 ఉంటే ఆ సంగతి ఇంట్లోనే చెప్పేయండి. ఎక్కగలిగిన రైడ్ల జాబితా చేతికిస్తే వాడి ధ్యాస వాటి మీదికి మళ్ళుతుంది.

టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనండి. గేటు దగ్గర టికెట్ల కౌంటరు ఒక క్యూ, తనిఖీ మరో క్యూ; మొదటిది ఇంట్లోనే తప్పించుకోవచ్చు. మీరు వెళ్ళే తేదీకి పార్కు వేళలు, నీటి రైడ్ల వేళలు విడిగా చూసుకోండి, సీజనును బట్టి మారుతుంటాయి. టికెట్ల క్యూఆర్ కోడ్లను స్క్రీన్‌షాట్ తీసి ఒకే ఒక్కరి ఫోన్లో ఉంచండి. గేటు ముందు నిలబడి "బావా, నీకు ఫార్వర్డ్ చేశాను కదా, చూడు" అంటూ వెతుక్కునే కుటుంబం వెనకాల నిలబడ్డవారికే ఆ బాధ తెలుస్తుంది.

నీటి రైడ్లకు నూలు బట్టలు, చీరలు, చుడీదార్లు పనికిరావు. నైలాన్‌ లాంటి ఈత దుస్తులే ఉండాలి. ఈ సంగతి తెలియక వచ్చినవాళ్ళంతా మధ్యాహ్నం లోపలి దుకాణం ముందు సైజుల కోసం గుమిగూడతారు. మీవి ముందే కొనుక్కుని, పొద్దున్నే పై బట్టల లోపల తొడుక్కుని బయలుదేరితే దుకాణం క్యూ, బట్టలు మార్చుకునే గది క్యూ రెండూ తప్పుతాయి. పెద్దవాళ్ళకు రోజంతా నైలాన్ చిరాకు పెడుతుందనుకుంటే పిల్లలకైనా ఇలా చేయండి.

సంచులు ఎన్ని తగ్గితే తనిఖీ అంత తొందరగా అవుతుంది. ఆరుగురికి రెండు సంచులు చాలు: ఒకటి తువ్వాళ్ళు, మార్చుకునే బట్టలది, రెండోది మందులు, నీళ్ళది. బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి పులిహోర డబ్బా సంచిలో పెట్టుకుని గేటు దగ్గర వాదనకు దిగకండి. దాని స్థానం కారులో. ఎందుకో కింద చెబుతాను.

మూడో మెట్టు: గేటు తెరవకముందే అక్కడ ఉండడం

ఔటర్ రింగ్ రోడ్డు మీద 13వ నంబరు ఎగ్జిట్ దగ్గర దిగాలి. ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో ముందురోజే చూసుకోండి, టోల్ ప్లాజాలో ఆగిపోతే ఆ రోజు మొదటి క్యూ మీరే తయారుచేసినవారవుతారు. పార్కు తెరిచే వేళకు ముప్పావుగంట ముందు పార్కింగ్‌లో ఉండండి. ఆ ముప్పావుగంట ఊరికే పోదు. కారు డిక్కీ తెరిచి ఇడ్లీయో పులిహోరో అందరూ కడుపునిండా తింటే, ఒంటిగంటకు ఆకలి ఆకలి అని ఎవరూ అనరు. మధ్యాహ్నం భోజనం క్యూ తప్పించుకోవడానికి పునాది పడేది ఈ డిక్కీ దగ్గరే.

తెరిచిన తర్వాత మొదటి గంట ఆ రోజు మొత్తంలో అతి విలువైనది. తొందరగా వచ్చినవాళ్ళలో కూడా చాలామంది ఆ గంటను లాకర్ల దగ్గర, ఫొటోల దగ్గర, గేటుకు దగ్గరలో కనబడ్డ మొదటి రైడు దగ్గర ఖర్చుచేస్తారు. ఫొటోలు సాయంత్రం తీసుకోవచ్చు, వెలుతురు కూడా అప్పుడే బాగుంటుంది. లాకరు నీటి రైడ్లకు వెళ్ళేముందు తీసుకోవచ్చు. మీరు మాత్రం నేరుగా నెమ్మదిగా కదిలే పెద్ద రైడు వైపు నడవండి.

నాలుగో మెట్టు: ఏ రైడు నెమ్మదిగా కదులుతుందో తెలుసుకోవడం

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే గుర్తుపెట్టుకుంటామంటే ఇది గుర్తుపెట్టుకోండి. క్యూ పొడుగు చూసి చాలామంది మోసపోతారు. పొడుగు కన్నా గంటకు ఎంతమందిని ఎక్కిస్తున్నారన్నది ముఖ్యం.

రీకాయిల్‌ను తీసుకోండి. పైకి లాక్కెళ్ళి వదిలితే తలకిందులుగా చుట్లు తిరిగి, మళ్ళీ అదే పట్టాల మీద వెనక్కి వచ్చే రోలర్ కోస్టర్ అది. వెళ్ళిన దారిలోనే తిరిగి రావాలి కనుక ఆ పట్టాల మీద రెండో రైలు పెట్టడం సాధ్యం కాదు. ఒక రైలు వచ్చి ఆగాలి, జనం దిగాలి, చెప్పులూ కళ్ళజోళ్ళూ వెతుక్కోవాలి, కొత్తవాళ్ళు ఎక్కాలి, ప్రతి భుజపట్టీ లాగి చూడాలి, అప్పుడే మళ్ళీ కదలాలి. ప్రయాణం రెండు నిమిషాల లోపే, ఈ తతంగానికే ఎక్కువ పడుతుంది. ఇలాంటి రైడుకు రోజంతా క్యూ ఉండక తప్పదు, పొద్దున్నే మొదటి పది పదిహేను నిమిషాలు తప్ప. అందుకే గేటులోంచి నేరుగా అక్కడికి వెళ్ళమంటున్నాను.

ఎంతసేపు నిలబడాలో మీరే లెక్కగట్టవచ్చు. క్యూ చివర నిలబడి రెండు పనులు చేయండి. రైలు ఒకసారి కదిలినప్పటి నుంచి మళ్ళీ కదిలేదాకా ఎన్ని నిమిషాలో ఫోనులో చూడండి. ఇనుప కమ్మీల మధ్య మలుపులు తిరిగే వరసలో ఒక్క మలుపుకు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి, మలుపుల సంఖ్యతో గుణించండి. రైలులో 28 సీట్లు, ఒక విడతకు 5 నిమిషాలు, మీ ముందు 140 మంది ఉన్నారనుకుందాం. ఐదు విడతలు, అంటే 25 నిమిషాలు. ఇక్కడితో అయిపోలేదు. పక్కనున్న ఫాస్ట్‌ట్రాక్ దారిలోంచి (ఎక్కువ ధర టికెట్టు కొన్నవారి చిన్న వరస అది) విడతకు ఏడుగురు చొప్పున వస్తున్నారంటే, మీ వరసకు మిగిలేవి 21 సీట్లే. అప్పుడు ఏడు విడతలు, 35 నిమిషాలు. సీట్లు ఖాళీగా పోతున్నాయా అన్నది కూడా చూడండి. ఈ లెక్క పది పన్నెండేళ్ళ పిల్లలకు అప్పగిస్తే క్యూలో వాళ్ళకు పనీ దొరుకుతుంది, "ఇంకా ఎంతసేపు" అన్న ప్రశ్నకు జవాబూ వాళ్ళే చెబుతారు.

గుండ్రంగా తిరిగేవి, పైకి తీసుకెళ్ళి కింద పడేసేవి కూడా ఇదే కోవలోకి వస్తాయి, ఒక విడత పూర్తిగా దిగితేగాని రెండో విడత ఎక్కదు. మిషన్ ఇంటర్‌స్టెల్లార్ లాంటి తెర ముందు సీట్లలో కూర్చుని ఎగిరే ప్రదర్శనలది వేరే పద్ధతి. అక్కడ వరస కాసేపు కదలనే కదలదు, ఆ తర్వాత తలుపులు తెరుచుకుని ఒక పెద్ద గుంపు ఒకేసారి లోపలికి పోతుంది. కదలడం లేదని విసుగుపడి మధ్యలో వెళ్ళిపోకండి. ఇవి లోపల ఉండే రైడ్లు కనుక ఎండ మండే వేళకో, వాన పడే వేళకో దాచుకోవడం తెలివైన పని, కాకపోతే మిగతా జనానికీ వానలో అదే ఆలోచన వస్తుంది. నాలుగు చినుకులు పడేటప్పుడే కదలాలి.

మరో చిన్న సంగతి. రద్దీ లేని రోజుల్లో కొన్ని రైడ్లను తక్కువ బోగీలతోనో, ఎక్కువ విరామంతోనో నడుపుతారు. జనం సగమే ఉన్నారు కదా, క్యూ కూడా సగమే అనుకోకండి. లెక్క వేసి చూడండి.

ఐదో మెట్టు: గుంపు కంటే ఒక గంట ముందు, లేదా ఒక గంట వెనక

భూమి మీది రైడ్ల కంటే నీటి రైడ్లను ఆలస్యంగా తెరిచి, ముందుగా మూసేస్తారు. దాంతో జనం కదలిక రోజూ ఒకేలా ఉంటుంది: పొద్దున భూమి మీద, ఒంటిగంటన్నరకు భోజనం, ఆ తర్వాత మూకుమ్మడిగా నీళ్ళలోకి, మూసేటప్పుడు మూకుమ్మడిగా బట్టలు మార్చుకునే గదులకు, అక్కడినుంచి మళ్ళీ భూమి మీది రైడ్లకు. మీ పథకం దీన్ని తిరగేయాలి.

పొద్దున తెరవగానే నెమ్మదిగా కదిలే రెండు మూడు పెద్ద రైడ్లు. నీటి విభాగం తెరిచే సమయానికి పావుగంట ముందే అక్కడికి చేరండి. కుటుంబమంతటికీ ఒకే లాకరు చాలు, తాళం చెవి తడిసే అవకాశం తక్కువున్న మనిషి దగ్గర, అంటే సాధారణంగా అమ్మమ్మ దగ్గర, ఉండాలి. లోపలికి వెళ్ళగానే జారుడు రైడ్లు ముందు ముగించండి. ట్యూబు మోసుకుంటూ మెట్లెక్కి, ఒక్కొక్కరుగా లేదా ఇద్దరిద్దరుగా జారే వాటికి గంటకు పట్టే జనం చాలా తక్కువ, మధ్యాహ్నానికి మెట్లన్నీ నిండిపోతాయి. అలల కొలను, నెమ్మదిగా పారే నది, వాన డాన్సు వంటివాటికి క్యూ అనేది ఉండదు, వందలమంది ఒకేసారి దిగుతారు. వాటిని చివరికి ఉంచుకోండి. జనం అలలు మొదలవగానే కొలను వైపు పరిగెత్తుతారు కదా, జారుడు రైడ్ల మెట్లు ఖాళీ అయ్యేది సరిగ్గా అప్పుడే.

అందరూ భోజనం ముగించి నీళ్ళలోకి దిగే వేళకు, అంటే రెండున్నర ప్రాంతంలో, మీరు బయటికి రండి. బట్టలు మార్చుకునే గదులు ఖాళీ. భోజనశాలలో బల్లలు ఖాళీ. పొద్దున తిన్న పులిహోర ఇక్కడికి ఉపయోగపడుతుంది. ఒకవేళ పిల్లలు అంతదాకా ఆగలేరనుకుంటే పన్నెండుకే తినిపించండి, ఒంటిగంటకు మాత్రం వద్దు. ఒకరు టోకెన్ తీసుకునే కౌంటరు దగ్గర, మరొకరు వడ్డించే కౌంటరు దగ్గర నిలబడితే ఇంకో పది నిమిషాలు మిగులుతాయి.

మూడు నుంచి నాలుగున్నర దాకా జనం ఇంకా నీళ్ళలోనే ఉంటారు. పొద్దున మిగిలిపోయిన పెద్ద రైడ్లకు ఇది రెండో అదను. భోజనం చేసిన వెంటనే తలకిందులయ్యేవి కాక, ముందు నెమ్మదైనవి రెండు ఎక్కి అరగంట ఆగండి, కారణం చెప్పనక్కర్లేదు. నీటి విభాగం మూసేశాక జనమంతా ఇటు వచ్చే వేళకు మీరు చిన్నపిల్లల రైడ్లకు, ప్రదర్శనలకు, ఫొటోలకు మారిపోవాలి.

ఆరో మెట్టు: కుటుంబాన్ని రెండుగా చీల్చడం

పదిమంది కలిసి వెళ్ళి పదిమందీ ప్రతిచోటా కలిసే ఉండాలనుకోవడంవల్ల పోయే సమయం క్యూలలో పోయే సమయం కన్నా తక్కువేమీ కాదు. పొద్దున పెద్ద పిల్లలు, బాబాయి, మేనమామ వంటి ఉత్సాహవంతులు ఒక జట్టు. తాతయ్య, అమ్మమ్మ, చిన్నపిల్లలు, వాళ్ళను చూసుకునే ఒకరు ఇంకో జట్టు. కలుసుకునే చోటు, వేళ ముందే అనుకోవాలి. నీటి విభాగంలో ఫోన్లు లాకర్లలో ఉంటాయి కనుక "ఫోన్ చేస్తాలే" అన్న మాట అక్కడ చెల్లదు.

చంటిపిల్ల ఉన్న దంపతులు ఇద్దరూ ఒకే రైడు ఎక్కాలంటే క్యూ చివర నిలబడకముందే ఆపరేటరును మర్యాదగా అడగండి: ఒకరు ఎక్కి దిగాక, పాపను అందుకుని రెండోవారు మళ్ళీ క్యూ లేకుండా ఎక్కవచ్చా అని. కొన్ని విదేశీ పార్కుల్లో ఇది రాతపూర్వకమైన సదుపాయం. ఇక్కడ రద్దీని బట్టి, ఆపరేటరు మనసును బట్టి ఉంటుంది. అడిగితే పోయేదేమీ లేదు.

ఒక్క మాట కటువుగానే చెప్పాలి. ఒకరిని వరసలో నిలబెట్టి, ముందుకు చేరాక ఎనిమిది మందిని "మావాళ్ళే, మావాళ్ళే" అంటూ కమ్మీల కింద నుంచి దూర్చడం క్యూ తగ్గించుకునే మార్గం కాదు. అది మన క్యూను ఇతరుల నెత్తిన వేయడం. గొడవకు దిగితే పోయేదీ మన సమయమే. మరుగుదొడ్డికి వెళ్ళాల్సినవాళ్ళను వరసలో చేరకముందే పంపండి, సగం తగాదాలు అక్కడే ఆగిపోతాయి.

ఫాస్ట్‌ట్రాక్ కొనాలా?

తిరుమలలో రూ.300 ప్రత్యేక ప్రవేశ దర్శనానికి వెళ్ళినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఆ టికెట్టున్నా క్యూ ఉంటుంది, కాకపోతే చిన్న క్యూ. ఫాస్ట్‌ట్రాక్ ధర మామూలు టికెట్టు కంటే బాగా ఎక్కువ. అన్ని రైడ్లకూ వర్తించదు కాబట్టి జాబితా చూసుకోండి. జూన్ నెలాఖరు బుధవారం నాడు కొంటే డబ్బు వృథా. వేసవి ఆదివారం తప్ప మరో రోజు కుదరనివాళ్ళకు, అమెరికా నుంచి రెండు వారాల సెలవు మీద వచ్చి ఒక్కరోజే దొరికినవాళ్ళకు కొనడం సబబే. కుటుంబమంతటికీ మాత్రం అక్కర్లేదు. 140 సెంటీమీటర్లు దాటి, పెద్ద రైడ్లన్నీ ఎక్కే ఉత్సాహం ఉన్న ఇద్దరు ముగ్గురికి తీసుకుంటే చాలు. అలలు చూస్తూ కూర్చునే అమ్మమ్మకు దానితో పనేముంది?

రామోజీ ఫిల్మ్ సిటీ, ఆర్లాండో

ఫిల్మ్ సిటీలో క్యూల తీరు వేరు. అక్కడ సెట్లు చూపించే బస్సు కోసమే ప్రధానంగా నిలబడాలి. పొద్దున ప్రారంభ వేడుక ముగియగానే జనమంతా బస్సుల వైపు కదులుతారు. వేడుక చివరి నిమిషాల్లోనే లేచి వెళ్ళేవారికి మొదటి బస్సుల్లో చోటు దొరుకుతుంది. స్టంట్ ప్రదర్శనల వేళలు ముందే రాసుకుని, వాటి చుట్టూ మిగతా రోజును అల్లుకోండి.

అమ్మానాన్నలను అమెరికాలో డిస్నీ పార్కులున్న ఆర్లాండో తీసుకెళ్ళే ప్రవాసులకు అసలు సూత్రం ఇదే, సదుపాయాలే ఎక్కువ. డిస్నీ హోటళ్ళలో బస చేసేవారిని రోజూ అరగంట ముందు లోపలికి పంపుతారు. 2024 జులై నుంచి లైట్నింగ్ లేన్ మల్టీ పాస్‌ను (డబ్బు కట్టి చిన్న వరసలో వెళ్ళే డిస్నీ పాస్ అది) ఆ హోటళ్ళవారు ఏడు రోజుల ముందు, మిగతావారు మూడు రోజుల ముందు బుక్ చేసుకోవచ్చు. కొన్ని రైడ్లలో ఒంటరిగా ఎక్కేవారికి వేరే వరస ఉంటుంది, పెద్ద పిల్లలకు అది వరం. చంటిపిల్లలున్నవారికి రైడర్ స్విచ్ ఉంది, పైన చెప్పిన ఒకరి తర్వాత ఒకరు ఎక్కే సదుపాయమే అది. నాన్నగారిని చక్రాల కుర్చీలో కూర్చోబెడితే క్యూ దాటించి పంపుతారన్నది మాత్రం అపోహ. ఎక్కువ వరసలు కుర్చీ పట్టేంత వెడల్పుగానే కట్టారు, అందరితో పాటే వెళ్ళాలి. అయినా కుర్చీ తీసుకోండి, మోకాళ్ళ కోసం.

ఆఖరి క్యూ

పార్కు మూసే వేళకు పార్కింగ్ నుంచి ఔటర్ దాకా కార్లు బారులు తీరుతాయి. మూయడానికి ముప్పావుగంట ముందే బయటపడండి, లేదా అందరూ వెళ్ళేదాకా టీ తాగుతూ తీరిగ్గా కూర్చోండి. ఈ రెండింటి మధ్యలో బయలుదేరితే ఇంజను ఆన్ చేసుకుని కదలకుండా కూర్చోవాల్సిందే. కారు ఏ వరసలో పెట్టారో పొద్దున్నే ఫొటో తీసి ఉంచుకోండి. తాళాలు, ఫోన్లు, తడి బట్టల సంచి, అన్నీ లాకరులోంచి తీశారో లేదో గేటు దాటకముందే చూసుకోండి. ఒక్కసారి బయటికి వచ్చాక మళ్ళీ లోపలికి వెళ్ళాలంటే గేటు దగ్గర మీ కథంతా మొదటినుంచీ చెప్పుకోవాలి.